తోలు ఒర చేత్తో కుట్టుకునేవారికి: ఏ తోలు, ఏ తీరు, ఏ కుట్టు

నేను మొట్టమొదట కుట్టిన ఒర పదిహేను రోజులు కూడా నిలవలేదు. పాత చేతిసంచి ఒకటి విప్పి, అందులోని మెత్తటి నల్ల తోలును కొలతకు కోసి, రెండు పొరలను అంచు వెంట కుట్టి, నా పని కత్తికి తొడిగాను. చూడటానికి బాగానే ఉంది. కానీ కత్తి తీసిన ప్రతిసారీ ఒర నోరు మూసుకుపోయేది. తిరిగి పెట్టబోతే మొన దారి వెతుక్కుంటూ పక్కగోడలోకి దిగేది. చివరికి ఒకరోజు వాదర నాలుగు కుట్లను తెంపుకుంటూ అంచు నుంచి బయటికి వచ్చేసింది. వేలు తెగకపోవడం నా అదృష్టమే తప్ప పనితనం కాదు.

అప్పటినుంచి ఏ ఒర మొదలుపెట్టినా, ఏ సరుకు కొనబోయినా నేను ముందుగా వేసుకునే ప్రశ్న ఒక్కటే: లోపల కత్తి లేనప్పుడు కూడా ఈ ఒర తన రూపంలో తాను నిలబడుతుందా? సంచికి ఆ అవసరం లేదు, పర్సుకు లేదు, చెప్పుకు కొంతవరకే ఉంది; ఒరకు మాత్రం అదే ప్రాణం. తోలు రకం, మందం, కోత తీరు, కుట్టు, జిగురు, చివరన రాసే నూనె వరకు ఎదురయ్యే ప్రతి ఎంపికనూ ఈ ప్రశ్న ముందు నిలబెట్టి చూస్తే, దుకాణాల్లో ఊరించే సరుకులో చాలా భాగం మనకు అక్కర్లేనిదని తేలిపోతుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నది బెల్టుకు తగిలించుకునే, మడత పడని మామూలు పని కత్తి. తుపాకీ హోల్‌స్టర్‌కు కూడా ఇదే తోలు, ఇదే కుట్టు, తోలును తడిపి ఆకారానికి ఒత్తి ఆరబెట్టే ఇదే తడి అచ్చు పద్ధతి పనికొస్తాయి. అయితే అక్కడ ట్రిగ్గర్ ఉండే భాగం పూర్తిగా కప్పబడి ఉండాలి, నోటి దగ్గర తోలు మెత్తబడి లోపలికి మడత పడకూడదు, అచ్చు తీయడానికి నిజమైన ఆయుధానికి బదులు అవే కొలతలు గల ప్లాస్టిక్ నమూనా వాడాలి. అక్కడ చిన్న పొరపాటుకు కూడా పెద్ద మూల్యం చెల్లించాల్సి వస్తుంది కనుక, చేయి తిరిగేదాకా కత్తి ఒరలతో సరిపెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

తోలు ఎంపిక

పచ్చి చర్మాన్ని కుళ్లని తోలుగా మార్చడాన్ని పదును చేయడం అంటారు. ఆ పద్ధతిని బట్టి తోళ్లు ప్రధానంగా రెండు రకాలు. చెట్ల బెరడు, కాయలు, ఆకుల్లో ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలతో వారాల తరబడి, పాతకాలపు గుంటల పద్ధతిలోనైతే నెలల తరబడి, నానబెట్టి తయారుచేసేది వెజిటబుల్ టాన్ తోలు; ఈ పనిలో ఉన్నవారు క్లుప్తంగా వెజ్ టాన్ అంటారు. క్రోమియం లవణాలతో ఒకటి రెండు రోజుల్లోనే పదునయ్యేది క్రోమ్ టాన్. ఈ రెండో పద్ధతికి 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ పేటెంటు పొందిన తర్వాత అది వేగంగా వ్యాపించింది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో అధిక భాగం క్రోమ్ టాన్‌దే కాబట్టి, ఇంట్లో ఉన్న సంచులు, జాకెట్లు, సోఫా కవర్లు విప్పితే చేతికి వచ్చేదీ దాదాపుగా అదే.

క్రోమ్ తోలు మెత్తగా ఉంటుంది, సాగుతుంది, నీటికి, వేడికి బాగా తట్టుకుంటుంది. ఈ సుగుణాలన్నీ సంచికి సుగుణాలే, ఒరకు మాత్రం లోపాలు. తడిపి కత్తి ఆకారానికి ఒత్తి ఆరబెట్టినా అది మళ్లీ చప్పగా పడిపోతుంది. అంచును ఎంత రుద్దినా నునుపెక్కదు కనుక దానికి విడిగా అంచు రంగు పూయాల్సిందే. వెజ్ టాన్ తోలు తడిసినప్పుడు మట్టిముద్దలా చెప్పినట్టు వింటుంది, ఆరాక ఆ వంపును వదలదు. ఒర విషయంలో ఈ ఒక్క గుణం మిగిలిన లెక్కలన్నిటినీ మించిపోతుంది. రెండు పద్ధతులూ కలిపి పదును చేసిన తోళ్లు కూడా దొరుకుతాయి. అవి బెల్టులకు, జంతువుల పట్టీలకు బాగుంటాయి గానీ అచ్చు నిలవాల్సిన చోట వెజ్ టాన్‌కు సాటిరావు.

దుకాణంలో పేరు చూసి నమ్మాల్సిన పని లేదు. కోసిన అంచును వెలుతురులో చూస్తే వెజ్ టాన్ లోపలిదాకా లేత గోధుమ రంగులో ఉంటుంది. క్రోమ్ తోలు నడిమి పొరలో చాలాసార్లు నీలి బూడిద రంగు కనిపిస్తుంది. రంగు గానీ పూత గానీ వేయని వెజ్ టాన్ మీద ఒక నీటి చుక్క వేస్తే అది వెంటనే ఇంకి ఆ చోటు ముదురుతుంది. నేనైతే మూల పట్టుకుని వంచి కూడా చూస్తాను: వంచిన వంపు కాసేపైనా వేలికి ఎదురు చెప్పాలి, గుడ్డలా వాలిపోకూడదు.

మందాన్ని అమ్మేవారు కొందరు మిల్లీమీటర్లలో, కొందరు ఔన్సుల్లో చెబుతారు. తోలు లెక్కలో ఒక ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, అంటే సుమారు 0.4 మిల్లీమీటర్లు. అరచేతి పొడవు అలుగున్న కత్తికి 8 నుంచి 9 ఔన్సులు, అంటే 3.2 నుంచి 3.6 మిల్లీమీటర్ల తోలు సరైన మధ్యమార్గం. చిన్న కత్తులకు, అచ్చులో సన్నని గీతలు తేలాలనుకునేవాటికి 2.4 మిల్లీమీటర్లు చాలు. 4 మిల్లీమీటర్లు దాటిందంటే తోలు గట్టిదనం కన్నా దాన్ని మడవడానికి, రంధ్రాలు చేయడానికి పడే పాట్లే ఎక్కువ. కొత్తవారు భయంతో మందపు తోలు ఎంచుకోవడం నేను చాలాసార్లు చూశాను. మందం కన్నా తోలు జంతువు శరీరంలో ఏ భాగం నుంచి వచ్చిందన్నదే ముఖ్యం.

వెన్ను నుంచి తుంటి వరకు ఉండే భాగంలో పోగులు దట్టంగా ఉంటాయి. అది అన్నిటికన్నా గట్టిది, ఖరీదైనది. భుజం తోలులో అక్కడక్కడ ముడతల గీతలు ఉంటాయి, కానీ అది చేతికి లొంగుతుంది, ధర కూడా తక్కువ. పొట్ట తోలు అన్నిటికన్నా చౌక. అది సాగుతుంది, ఒక్క ముక్కలోనే మందం మారిపోతుంది. చౌకగా వచ్చిందని పొట్ట తోలుతో ఒర మొదలుపెట్టినవారు ఆరు నెలల తర్వాత వదులైన ఒరను చూసి తమ కుట్టును తిట్టుకుంటారు. తప్పు కుట్టుది కాదు. మొదటి రెండు మూడు ఒరలకు భుజం తోలు ముక్కలు కొనమని నా సలహా. అర చర్మం మొత్తం కొంటే చదరపు అడుగు లెక్కన చౌక పడుతుందన్నది నిజమే గానీ, అందులో ఒరకు పనికిరాని పొట్ట భాగం కూడా మన నెత్తినే పడుతుంది.

తోలుకు బదులు కైడెక్స్ అనే ప్లాస్టిక్ రేకును వేడిచేసి ఒత్తి ఒర చేసేవారూ ఉన్నారు. అది నీటికి చెడదు, కత్తిని టక్కున పట్టుకుంటుంది, పని గంటల్లో ముగుస్తుంది. నీళ్లలో, బురదలో తిరిగే కత్తికి అదే మేలు. ఈ విషయంలో తోలును వెనకేసుకు రాను. కానీ దుమ్ము చేరితే అది అలుగు మీద గీతలు పెడుతుంది, తీసినప్పుడల్లా చప్పుడు చేస్తుంది, పైగా చేత్తో కుట్టే ఆనందం అందులో లేదు. అభిరుచి కోసం చేసేవారికి ఈ చివరి మాట చిన్నదేమీ కాదు.

కోత తీరు

ఒరలు చాలా రకాలుగా కనిపించినా, కుట్టు ఎక్కడ పడుతుందన్నదాన్ని బట్టి మూడు తీర్లుగా తేలతాయి. ఒకే తోలు ముక్కను కత్తి వీపు వెంట మడిచి, వాదర వైపు అంచును కుట్టేది మొదటిది. ముందొక ముక్క, వెనకొక ముక్క పెట్టి రెండు వైపులా కుట్టేది రెండోది. ఉత్తర ఐరోపాలో ఎక్కువగా కనిపించే మూడో తీరులో తోలును గొట్టంలా చుట్టి వెనక నడిమధ్యన ఒకే కుట్టు వేస్తారు. పిడిలో సగానికి పైగా ఒరలోపలికే దిగిపోతుంది.

మూడో తీరు ఒరకు పట్టీ గానీ గుండీ గానీ అక్కర్లేదు, పిడిని తోలే పట్టుకుంటుంది. అయితే దాన్ని తడి తోలు మీదే, కత్తిని లోపల ఉంచి, పట్టి లాగుతూ కుట్టాలి. అలుగు లోపల తోలుకు తగలకుండా కొయ్యతోనో గట్టి తోలుతోనో విడిగా ఒక తొడుగు చేయాలి. అందంలో దానికి సాటి లేదు, కానీ మొదటి ఒరగా అది తగదు. రెండో తీరు పెద్ద పిడికి, రెండు వైపులా వాదర ఉన్న కత్తికి, వెడల్పుగా నడుముకు ఆనుకుని ఉండాల్సిన హోల్‌స్టర్‌కు బాగుంటుంది. కుట్టు రెట్టింపు అవుతుంది, రెండు అంచులూ ఒకేలా రావడానికి చేయి కుదరాలి. మొదటి తీరులో కుట్టు ఒక్కవైపే ఉంటుంది, బెల్టు పట్టీని కూడా అదే ముక్కలో కలిపి కోసుకోవచ్చు, పొరపాటు వస్తే కనిపించేదీ ఒక్క అంచే. కొత్తవారికి నేను నిస్సంకోచంగా దాన్నే చెబుతాను.

మడత తీరులో ఒక భాగాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు. అది రెండు పొరల మధ్య, వాదర వైపు అంచు వెంట పెట్టే సన్నని తోలు పట్టీ. దాన్ని వెల్ట్ అంటారు. అది లేకపోతే వాదర నేరుగా కుట్టుదారం మీదే కూర్చుంటుంది, నా మొదటి ఒరకు పట్టిన గతే పడుతుంది. ఉంటే వాదర ఆ పట్టీ అంచును తాకి ఆగిపోతుంది. దారం దానికి కొన్ని మిల్లీమీటర్ల అవతల క్షేమంగా ఉంటుంది. వెల్ట్ 10 నుంచి 12 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి, కుట్టు బయటి అంచుకు 4 లేదా 5 మిల్లీమీటర్ల దూరంలో పడితే చాలు. మందంలో అది అలుగు వీపుకు సమానంగానో కొంచెం ఎక్కువగానో ఉండాలి. అసలు తోలులో మిగిలిన ముక్కలే ఇందుకు సరిపోతాయి. మొన వైపు చివర దాన్ని ఏటవాలుగా చెక్కి పలచన చేయకపోతే అక్కడ ఒర బొడిపె కట్టినట్టు ఉబ్బుతుంది.

కాగితం నమూనా దగ్గర చెప్పాల్సిన హెచ్చరిక ఒకటుంది. నమూనాను తోలు గరుకు వైపున పెట్టి గీస్తే ఒర అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. నేను ఒకసారి పూర్తిగా కుట్టి, అంచులు రుద్ది, మైనం కూడా రాశాక చూసుకుంటే అది ఎడమచేతివాటం వారి ఒర అయింది. కాగితం ముక్క మీద నునుపు వైపు, గరుకు వైపు అని పెద్ద అక్షరాలతో రాసుకోవడం అప్పుడే అలవాటైంది.

కత్తిని పట్టి ఉంచడానికి గుండీ పట్టీ పెట్టాలా, అచ్చు బిగువు మీద వదలాలా అన్నది కత్తి పిడిని బట్టి ఉంటుంది. పిడి మొదట్లో ఉబ్బెత్తు ఉంటే అచ్చు బిగువే చాలు, ఒంటిచేత్తో తీయవచ్చు. పిడి సన్నగా, నిటారుగా ఉండి, కత్తి బరువైనదైతే పట్టీ తప్పదు. అలాంటప్పుడు తీసేటప్పుడు వాదర పట్టీని కోయని చోట గుండీ వేయాలి, గుండీ లోపలి వైపు అలుగుకు తగలకుండా పలచటి తోలు ముక్క అంటించాలి.

రంధ్రాలు, దారం, జిగురు

కొత్తవారిని ఎక్కువగా అయోమయంలో పడేసే ఎంపిక ఇదే: వరుస పళ్లున్న ఉలి కొనాలా, చెప్పులు కుట్టేవారు రంధ్రాలు పొడిచే ఆరె పట్టుకోవాలా? పళ్ల ఉలిని తోలు మీద నిలబెట్టి కొయ్య సుత్తితో కొడితే నాలుగైదు రంధ్రాలు సమాన దూరంలో ఒకేసారి పడతాయి. పర్సుకు, బెల్టుకు అంతకన్నా సులువైన దారి లేదు. ఒరలో మాత్రం రెండు పొరలు, నడుమ వెల్ట్ కలిసి మందం 9 లేదా 10 మిల్లీమీటర్లు అవుతుంది. అంత లోతుకు దించిన ఉలి ఊడి రాదు, వచ్చినా పళ్లు వంగుతాయి, అన్నిటికన్నా ముఖ్యంగా వెనకవైపు రంధ్రాలు పాములా వంకర తిరుగుతాయి. ముందు ప్రతి పొరకూ విడివిడిగా రంధ్రాలు వేసి తర్వాత అతికించే పద్ధతి ఉంది గానీ, మడత దగ్గర ఒక్క మిల్లీమీటరు జరిగినా వరుస మొత్తం తప్పిపోతుంది.

నాకు కుదిరిన దారి రెండిటి నడుమ ఉంది. పళ్ల మధ్య 4 మిల్లీమీటర్ల దూరమున్న ఉలితో పైపొర మీద గుర్తులు పడేంత మాత్రమే కొట్టి, మిగిలిన లోతును ఆరెతో పొడుస్తాను. ఆరె మొన అడ్డుకోతలో సాగదీసిన వజ్రం ఆకారంలో ఉంటుంది. దాన్ని ప్రతి రంధ్రంలో ఒకే ఏటవాలులో పట్టాలి. వెనక ఒక బెండు ముక్క ఆనించి, ముంజేతిని కదల్చకుండా భుజం బలంతో నెట్టితే, మూడో పొర దాటేటప్పుడు తోలు చిన్నగా కిర్రుమని దారి ఇస్తుంది, బెండులోకి దిగగానే ఒత్తిడి ఒక్కసారిగా తేలికవుతుంది. ఆ క్షణంలో బెండు వెనక వేలు ఉండకూడదు. మొదటి పది రంధ్రాలు వంకరగా వస్తాయి, తర్వాత చేయి తానే నేర్చుకుంటుంది. డ్రిల్ మిషనుకు సన్నని బిట్ తగిలించి వేసేవారూ ఉన్నారు. రంధ్రాలు నిటారుగా వస్తాయన్నది నిజమే కానీ, డ్రిల్ తోలును తొలిచి తీసేస్తుంది, ఆరె పక్కకు తోస్తుంది. ఆరె రంధ్రం దారం చుట్టూ మళ్లీ బిగుసుకుంటుంది, డ్రిల్ రంధ్రం గుండ్రంగా తెరుచుకునే ఉంటుంది. మణికట్టు నొప్పి ఉన్నవారికి తప్ప డ్రిల్ నేను చెప్పను.

కుట్టు విషయంలో వాదనకు పెద్దగా తావు లేదు. మిషను కుట్టులో పైదారం, కిందిదారం తోలు మధ్యలో ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి. ఒకటి తెగితే పక్క కుట్లు కూడా వదులవుతాయి. ఒకే దారానికి రెండు కొసల్లో రెండు మొద్దు మొన సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలో రెండూ ఎదురెదురుగా దూర్చే జీను కుట్టులో ఒక చోట తెగినా రెండో వైపు దారం పట్టుకునే ఉంటుంది. పైగా ఇంట్లో బట్టలు కుట్టే మిషను ఈ మందాన్ని అసలు తీసుకోదు. దారం పొడవు కుట్టు వరుస పొడవుకు నాలుగు రెట్లు ఉండాలనే లెక్క చాలాచోట్ల వినిపిస్తుంది, అది పలచటి తోలుకు మాత్రమే సరిపోతుంది. ఒరలో 4 మిల్లీమీటర్ల ప్రతి కుట్టుకూ రెండు కొసలూ చెరో 4 మిల్లీమీటర్లు ముందుకు, చెరో 10 మిల్లీమీటర్లు లోతుకు పోతాయి, అంటే మొత్తం 28 మిల్లీమీటర్లు. 20 సెంటీమీటర్ల వరుసలో 50 కుట్లు పడతాయి కనుక కుట్టుకే 1.4 మీటర్లు కావాలి, చేతితో పట్టుకుని లాగడానికి మరో అర మీటరు కలుపుకోవాలి. ఆఖరి ఐదు కుట్లకు దారం చాలక విప్పుకోవడం కన్నా విసుగు పుట్టించేది ఈ పనిలో మరొకటి లేదు.

దారంలో అవిసెనార చేతికి హాయిగా ఉంటుంది, తేనెమైనం రాస్తే చక్కగా పట్టుకుంటుంది, కానీ ఏళ్ల తరబడి తేమ తగిలితే కుళ్లుతుంది. నైలాన్ సాగుతుంది. మైనం పట్టించిన 0.8 లేదా 1 మిల్లీమీటరు పాలియెస్టర్ తీసుకుంటే ఇక ఆ సంగతి మరిచిపోవచ్చు.

కుట్టుకు ముందు పొరలను అతికించడానికి రెండు వైపులా రాసి కాస్త ఆరనిచ్చి ఒత్తే కాంటాక్ట్ జిగురు గట్టిగా పట్టుకుంటుంది. దాని ఆవిరి తలకెక్కుతుంది కనుక కిటికీలు తెరిచి పని చేయాలి. వాసన లేని నీటి ఆధారిత జిగురుతో ఒకసారి ఒత్తాక కూడా ముక్కను జరుపుకోవచ్చు, ఆలస్యంగా ఆరుతుంది. కుట్టే అసలు బలం కాబట్టి రెండూ చెల్లుతాయి. ఏది వాడినా నునుపు వైపు అతికించాల్సి వస్తే ముందు గరుకు కాగితంతో గీరాలి, రంగు వేయాల్సిన చోట జిగురు అంటకుండా చూడాలి. జిగురు మరకను రంగు ఎన్నటికీ దాటదు.

తడి అచ్చు, చివరి పూత

కుట్టు అయ్యాక ఒరను గోరువెచ్చని నీటిలో బుడగలు ఆగేదాకా ముంచి, తీసి, పైతడి పోయేదాకా ఆగి, పలచటి ప్లాస్టిక్ పొర చుట్టిన కత్తిని లోపల పెట్టి, ఎముక పుల్లతోనో చెంచా వీపుతోనో పిడి చుట్టూ ఒత్తుతూ పోవాలి. గోటితో ఒత్తితే ఆ నెలవంకలు శాశ్వతంగా మిగిలిపోతాయి. ఇక్కడ ఎంపిక ఆరబెట్టే తీరులో ఉంది. గాలికి నీడలో ఒక రాత్రీ పగలూ వదిలితే తోలు నిదానంగా బిగుస్తుంది. ఫ్యాను, గోరువెచ్చని గాలి పనిని తొందరపెడతాయి, కొంచెం ఎక్కువ గట్టిదనాన్ని కూడా ఇస్తాయి. కానీ తడి వెజ్ టాన్ తోలు 70 డిగ్రీల సెల్సియస్ దాటిన కొద్దిసేపటికే ముడుచుకుని పెళుసెక్కుతుంది. ఓవెన్ వాడేవారు 50 డిగ్రీలు దాటనివ్వకూడదు. నేను తొందరపడి హెయిర్ డ్రయ్యర్‌ను ఒకే చోట పట్టి ఉంచిన ఒక ఒర నోటి దగ్గర పగిలింది.

అంచును ఏటవాలు చెక్కి, గరుకు కాగితంతో 220 నంబరు నుంచి మరింత నునుపైన 600 నంబరు వరకు సాగి, కొంచెం నీళ్లు తడిపి మందపు గుడ్డతో వేగంగా రుద్దితే, మూడు పొరలూ కలిసిపోయి కొయ్యలా మెరుస్తాయి. ఖరీదైన అంచు జెల్ అవసరం ఇంకా ఎవరికీ రాలేదని నా నమ్మకం.

పూతల్లో పశువుల కాలి ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనెను తోలు పోషణకని అందరూ చెబుతారు. బెల్టుకు నిజమే, ఒరకు మాత్రం గుడ్డకు అద్దిన పలచటి ఒక్క పూతకు మించితే కష్టపడి సాధించిన బిగువంతా కరిగిపోతుంది. తేనెమైనం కలిసిన పూత నీటిని కొంత ఆపుతుంది, బిగువును ఉంచుతుంది. యాక్రిలిక్ పూత నీటిని బాగా ఆపుతుంది, మందంగా వేస్తే వంపుల దగ్గర పగుళ్లు చూపిస్తుంది. రంగు వేసిన ఒరకు పలచటి యాక్రిలిక్, రంగు వేయనిదానికి మైనం అన్నది నా పద్ధతి.

ఎంత బాగా కుదిరిన ఒర అయినా కత్తిని నెలల తరబడి దాచిపెట్టే చోటు కాదు. టానిన్ ఆమ్ల గుణం కలది, తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కార్బన్ స్టీల్ అలుగు మీద ముందు బూడిద మచ్చలు, తర్వాత తుప్పు చేరతాయి. ఇత్తడి గుండీ చుట్టూ ఆకుపచ్చని జిడ్డు పేరుకునేదీ అందుకే. స్టెయిన్‌లెస్ అలుగుకు ప్రమాదం తక్కువ, లేకపోలేదు. అందుకే నా కత్తులు నూనె రాసిన కాగితంలో ఒక డబ్బాలో ఉంటాయి, ఒరలు నోరు తెరుచుకుని పక్కన మేకుకు వేలాడుతుంటాయి.